బ్యాంక్ స్టేషన్ కింద కొత్త సొరంగం: పని డైరీ

పని మొదలవకముందు

లండన్ బ్యాంక్ స్టేషన్ కింద కొత్తగా తవ్వేవాడికి ఖాళీ నేల దొరకదు. 1898లో వాటర్లూ అండ్ సిటీ లైను వచ్చింది. 1900 ఫిబ్రవరిలో ఇప్పుడు నార్తర్న్ లైను అంటున్న గొట్టం (గుండ్రటి రైలు సొరంగం), జులైలో సెంట్రల్ లైను, 1991లో అన్నిటికంటే లోతున డాక్‌లాండ్స్ లైట్ రైల్వే చేరాయి. వీటి సందుల్లో ఎస్కలేటర్ల వాలు సొరంగాలు, లిఫ్టు బావులు, నడవలు, గాలి దారులు. పైన లార్డ్ మేయర్ నివాసం మాన్షన్ హౌస్, పాత చర్చీలు, ఆఫీసు భవనాలు, వాటి పైళ్లు, అంటే పునాదిగా నేలలోకి దించిన కాంక్రీటు స్తంభాలు. సెయింట్ మేరీ వుల్నాత్ చర్చికైతే కింది నేలమాళిగనే ఆ రోజుల్లో టికెట్ హాలు చేసేశారు. వీటన్నిటితో పాటు 1900లో మూసేసిన కింగ్ విలియం స్ట్రీట్ స్టేషన్ పాత సొరంగాలు కూడా ఇంకా కిందే ఉన్నాయి.

ఇబ్బంది నార్తర్న్ లైనుది. సన్నటి ప్లాట్‌ఫాం, దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, లైను మారేవాళ్లు అందరూ ఒకే మెట్ల దగ్గర గుమిగూడతారు. ప్లాట్‌ఫాం వెడల్పు చేద్దామంటే పక్కనే రైలు నడుస్తోంది. అందుకని తీసుకున్న నిర్ణయం ఇది: పడమర వైపున, దక్షిణానికి వెళ్లే రైళ్ల కోసం 570 మీటర్ల కొత్త సొరంగం, అందులో వెడల్పాటి కొత్త ప్లాట్‌ఫాం. పాత దక్షిణ దిశ సొరంగంలో పట్టాలు పీకేసి, దాన్నే జనం నడిచే హాలుగా మార్చడం. నడవలు, ఎస్కలేటర్ దారులు, వాకింగ్ బెల్టుల దారి కలుపుకుంటే మొత్తం తవ్వకం 1.3 కిలోమీటర్లు దాటుతుంది. స్టేషన్ సామర్థ్యం 40 శాతం పెరగాలి. ఖర్చు సుమారు 70 కోట్ల పౌండ్లు.

ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా తెలివైన పని ఇదే, అదీ కాగితం మీద జరిగింది. నడుస్తున్న ప్లాట్‌ఫాంను ముట్టుకోకుండా పక్కన ఇంకోటి కట్టి, చివర్లో రైళ్లను దానిలోకి మళ్లించడం. పాత కొత్తలు కలిసే రెండు కొసల దగ్గర తప్ప మిగతా తవ్వకమంతా రైళ్లు నడుస్తుండగానే చేసుకోవచ్చు.

డ్రాయింగులు చదివేవాళ్లకు ఒక హెచ్చరిక: ఈ ముక్కలో నార్తర్న్ లైను రైళ్లు మిగతా చోట్లలా ఎడమవైపున కాదు, కుడివైపున నడుస్తాయి. ఏ గొట్టం ఉత్తరానికి, ఏది దక్షిణానికి అన్నది అలవాటుమీద ఊహించకూడదు.

మట్టి

లండన్ బంకమన్ను సొరంగాల పనివాళ్లకు దొరికిన వరం. కోట్ల ఏళ్లు పైబరువు కింద నలిగి గట్టిపడింది, నీళ్లు దాదాపు పారవు. తవ్విన ముఖం, అంటే తవ్వేవాడి ఎదుట ఉండే మట్టి గోడ, కొన్ని గంటలపాటు తనంతట తానే నిలబడుతుంది. ఆ కొన్ని గంటలే మొత్తం పని పద్ధతికి ఆధారం. చేత్తో పట్టుకుంటే సబ్బుబిళ్లలా కోసుకుంటుంది, మధ్యమధ్య సున్నపురాయిలా గట్టిపడ్డ గుండ్లు తగులుతాయి. ఎక్స్‌కవేటర్ పళ్లు విరిగేది వాటి మీదే.

వరం కదా అని నమ్మి కూచోకూడదు. బంకమన్ను కింద లాంబెత్ పొరల్లో ఇసుక జేబులు ఉంటాయి, వాటిలో ఒత్తిడితో నీళ్లు. లోతుగా దిగే షాఫ్టు (పని కోసం తవ్వే నిలువు బావి) అడుగు వాటికి దగ్గరైతే ముందుగా బోరు వేసి నీటి ఒత్తిడి చూసుకోవాల్సిందే. అదే కోల్‌కతాలో నేల వేరు, నదులు మోసుకొచ్చిన మెత్తటి ఒండ్రు, ఇసుక, పైకి దగ్గరగా నీళ్లు. 2019 ఆగస్టు 31న బౌబజార్‌లో తవ్వే యంత్రం నీళ్లున్న ఇసుక పొరను తాకగానే పైన ఇళ్లు పగుళ్లిచ్చి కూలాయి. లండన్ పద్ధతిని యథాతథంగా తీసుకెళ్లి అక్కడ పెడితే మొదటి మీటరులోనే ముఖం జారిపోతుంది.

ఆర్థర్ స్ట్రీట్ షాఫ్టు

2015 డిసెంబరులో చట్టపరమైన అనుమతి, 2016లో పని మొదలు. దిగడానికి ఎంచుకున్నది ఆర్థర్ స్ట్రీట్, లండన్ బ్రిడ్జికి దగ్గర్లో ఉన్న చిన్న వీధి. వీధిని మూసి, నడిరోడ్డులో షాఫ్టు దించారు. వింటే వీధిలో బావి తవ్వడమే. చేసేటప్పుడు మాత్రం ముందు రోడ్డు కింద ఉన్న గ్యాసు, కరెంటు, టెలిఫోను, మురుగు గొట్టాలను ఒక్కొక్కటిగా వెతికి పక్కకు జరపాలి. పాత నగరాల్లో పటాల మీద ఉన్న గొట్టం నేలలో ఉండదు, నేలలో ఉన్నది పటం మీద ఉండదు. చేత్తో చిన్న గుంటలు తీసి కళ్లతో చూసేదాకా యంత్రం దించరు. నెలల ఆలస్యాలు సాధారణంగా ఇక్కడే మొదలవుతాయి, సొరంగంలో కాదు.

సొరంగం మొత్తాన్ని ఒకేసారి గుండ్రంగా తవ్వుకుంటూ పోయే పెద్ద యంత్రం ఎందుకు వాడలేదని అడిగేవాళ్లు చాలామంది. 570 మీటర్లకు యంత్రం తయారు చేయించి, దించి, విప్పి తీసేది దండగ ఖర్చు. అంతకన్నా పెద్ద కారణం, యంత్రం ఒకే వ్యాసంలో తవ్వుతుంది. ఇక్కడ రైలు సొరంగం ఒక కొలత, ప్లాట్‌ఫాం సొరంగం ఇంకో కొలత, నడవ మరోటి. దారిలో పైళ్లు కూడా ఉన్నాయి. అందుకే ఎక్స్‌కవేటర్‌తో తవ్వి, వెంటనే కాంక్రీటు చిమ్మే పద్ధతి.

మట్టి లెక్క కూడా వేసుకోవాలి. 9 మీటర్ల వ్యాసం తవ్వకం అనుకుంటే ముఖం వైశాల్యం సుమారు 63 చదరపు మీటర్లు. ఒక్క మీటరు ముందుకెళితే 63 ఘనపు మీటర్లు, బరువులో దాదాపు 125 టన్నులు. 20 టన్నుల లారీలు ఆరేడు. సన్న వీధిలో ఒకసారికి ఒక్క లారీయే నిలబడుతుంది, ఆఫీసు వేళల్లో రాకపోకలకు పరిమితులు ఉంటాయి. షాఫ్టు అడుగున మట్టి పోగు పెట్టుకునే జాగా లేకపోతే పైన లారీ ఆగిన గంటకు కింద ఎక్స్‌కవేటర్ కూడా ఆగుతుంది. ముఖం తెరిచి ఉండగా ఆగడం ఎంతమాత్రం పనికిరాదు. కాబట్టి లారీ వచ్చాకే తవ్వకం మొదలుపెట్టడం అనే నియమం పెట్టుకుంటారు, వెనుకబడినా సరే.

కుంగుబాటు లెక్క

పైన నేల ఎంత దిగుతుందో ముందే అంచనా వేయాలి. సూత్రం చిన్నదే. తవ్వినప్పుడు చుట్టూ ఉన్న మన్ను కొద్దిగా లోపలికి జరుగుతుంది. అలా జరిగిన మన్ను పరిమాణాన్ని ముఖం వైశాల్యంలో శాతంగా చెబుతారు. లండన్ బంకమన్నులో మంచి పనితనంతో చిన్న సొరంగానికి 1 శాతం, చిమ్మే కాంక్రీటుతో పెద్ద సొరంగానికి 1.5 శాతం తీసుకోవడం పరిపాటి.

ఉదాహరణకు లోతు 30 మీటర్లు పెట్టుకుందాం. పైన ఏర్పడే పల్లం గంట ఆకారంలో ఉంటుంది, దాని వెడల్పు కొలత లోతులో సగం, అంటే 15 మీటర్లు. నడిమధ్య కుంగుబాటు కావాలంటే పోయిన మన్నును 2.5 రెట్ల 15తో భాగించాలి. 6 మీటర్ల సొరంగానికి వైశాల్యం 28.3, దానిలో 1 శాతం 0.283, దాన్ని 37.5తో భాగిస్తే 7.5 మి.మీ. 9 మీటర్ల సొరంగానికి 63.6లో 1.5 శాతం 0.95, భాగిస్తే 25 మి.మీ.

25 మి.మీ. అంటే అంగుళం. భవనమంతా ఒకేలా అంగుళం దిగితే ఎవరికీ తెలియదు. ఒక మూల దిగి ఇంకో మూల దిగకపోతేనే గోడ చీలుతుంది. కాబట్టి చూడాల్సింది కుంగుబాటును కాదు, వాలును. రెండు సొరంగాలు పక్కపక్కన పడితే పల్లాలు కలుస్తాయి, రెండో సొరంగం తవ్వేటప్పుడు మన్ను ముందే ఒకసారి కదిలి మెత్తబడి ఉంటుంది కాబట్టి రెండోసారి శాతం ఎక్కువే వస్తుంది. దీన్ని మర్చిపోయి రెండింటికీ ఒకే శాతం వేస్తే అంచనా తప్పుతుంది.

ఇదే సూత్రాన్ని కింద ఉన్న పాత సొరంగాలకు అన్వయించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఉపరితలం దగ్గర వెడల్పుగా పరుచుకునే పల్లం, కొత్త సొరంగానికి నాలుగైదు మీటర్లే పైన ఉన్న పాత గొట్టం దగ్గరికి వచ్చేసరికి ఇరుకుగా, నిటారుగా ఉంటుంది. పైన భవనానికి పట్టని కదలిక కింద గొట్టానికి గట్టిగా తగులుతుంది.

కళ్లూ చెవులూ

మొదటి గడ్డపార దెబ్బకు కనీసం ఏడాది ముందే కొలత పరికరాలు బిగించి ఉండాలి. ఎందుకంటే భవనాలు ఎండకు, చలికి, వానకు తమంతట తాము ఒకటి రెండు మి.మీ. కదులుతుంటాయి. ఆ సహజ ఊపు తెలియకపోతే తవ్వకం మొదలైన రోజున వచ్చిన ప్రతి మి.మీ.నీ సొరంగం నెత్తిన రుద్దాల్సి వస్తుంది.

భవనాల గోడలకు చిన్న గాజు ప్రిజంలు, ఎదురు భవనం మీద వాటిని గంటగంటకూ చదివే ఆటోమేటిక్ టోటల్ స్టేషన్ (దూరం, కోణం కొలిచే పరికరం). నేలమాళిగల్లో ఒకే నీటి గొట్టానికి కలిపిన మట్టపు డబ్బాలు, అవి పదోవంతు మి.మీ. కూడా పట్టుకుంటాయి. పాత సొరంగాల్లో రింగు (సొరంగం గోడలో ఒక పూర్తి వలయం) చుట్టూ ఐదేసి ప్రిజంలు, పట్టాల మీద వంపు కొలిచే పరికరాలు. రైళ్లు నడిచే గొట్టంలో వీటిని బిగించడానికి దొరికేది రాత్రి కరెంటు తీసిన తర్వాతే, ఒంటి గంట నుంచి తెల్లవారుజామున నాలుగున్నర లోపు. దానిలోనే లోపలికి నడవడం, భద్రత పరీక్ష, బయటికి రావడం. చేతిలో మిగిలేది రెండు గంటలు. రైలు చక్రాల నుంచి రాలే ఇనుప దుమ్ము ప్రిజం గాజు మీద పేరుకుంటుంది, కొన్ని వారాలకోసారి తుడవకపోతే రీడింగు తప్పుతుంది. ఎర్ర అలారం మోగితే ముందు చూడాల్సింది గాజునే.

హద్దులు మూడు రంగుల్లో. ఆకుపచ్చ దాటితే రీడింగుల మధ్య వ్యవధి తగ్గిస్తారు, పసుపు దాటితే తవ్వే పద్ధతి మారుస్తారు, ఎరుపు దాటితే ముఖం మూసి ఆగుతారు. ప్రతి ఉదయం తవ్వేవాళ్లు, డిజైనర్లు, కొలతలవాళ్లు, లైను నడిపేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూచుని నిన్నటి గ్రాఫులు చూసి, ఈ రోజు ఎంత తవ్వాలో రాసి సంతకం పెడతారు. ఆ కాగితం లేకుండా ఒక్క బకెట్ కూడా ఎత్తరు. 1994 అక్టోబరులో హీత్రూ విమానాశ్రయం కింద సొరంగాలు కూలినప్పుడు రీడింగులు ముందు నుంచీ గట్టిగానే చెబుతున్నాయి. చదివి చర్య తీసుకునే మనిషి లేకపోయాడు. ఈ రోజువారీ సమావేశం ఆ దెబ్బ నుంచి పుట్టిన అలవాటు.

ఒక మీటరు

రోజూ జరిగే పని ఇది. ముఖాన్ని పై సగం, కింది సగం, అడుగు వంపు అని విడగొడతారు. పై సగంలో ఎక్స్‌కవేటర్ ఒక మీటరు తవ్వుతుంది, ముఖం కొంచెం గుమ్మటంలా వెనక్కి వంగేట్టు. నిటారు ముఖం కన్నా గుమ్మటం ఎక్కువసేపు నిలుస్తుంది. తవ్విన వెంటనే ముఖానికీ చుట్టూ 75 మి.మీ. కాంక్రీటు పూత, మన్ను గాలికి ఆరి పెచ్చులూడకుండా. తర్వాత అసలు పొర, సుమారు 300 మి.మీ. వరకు. లోపల ఇనుప కడ్డీల వల ఉండదు. ఘనపు మీటరుకు 30 నుంచి 40 కిలోల ఉక్కు పోగులు కాంక్రీటులోనే కలిపేస్తారు. వల కట్టాలంటే మనిషి తెరిచి ఉన్న ముఖం కిందికి వెళ్లాలి, పోగులైతే అక్కర్లేదు.

లెక్కకు: 9 మీటర్ల సొరంగం చుట్టుకొలత 28 మీటర్లు. 0.3 మీటర్ల మందం, ఒక మీటరు పొడవు, మొత్తం ఎనిమిదిన్నర ఘనపు మీటర్లు. గోడకు తగిలి కింద రాలిపోయేది పది పదిహేను శాతం కలిపితే పది దాకా అవుతుంది. చిమ్మే రోబో చేయి ముక్కు గోడకు నిలువుగా, ఒకటి నుంచి రెండు మీటర్ల దూరంలో ఉండాలి. వాలుగా చిమ్మితే రాలిపోయేది రెట్టింపవుతుంది.

ఆ రాలిన ముక్కలే పెద్ద శత్రువు. అవి అడుగున పోగుపడతాయి. వాటిని ఎత్తేయకుండా వాటి మీదే కొత్త కాంక్రీటు చిమ్మితే పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల బొరుగుల ఉండలా ఉంటుంది. అడుగు వంపు పక్క గోడతో కలిసే అతుకు దగ్గర ఇలా జరిగితే రింగు మూసుకోనట్టే లెక్క. హీత్రూలో బలహీనపడింది ఆ అడుగు అతుకులే. అతుకు దగ్గర ఎయిర్ పైపుతో ఊది, రాలినదంతా చేత్తో తీసి, తడిపి, అప్పుడే తర్వాతి పొర.

బిగుసుకునే వేగం ఇంకో లెక్క. త్వరగా గట్టిపడే ద్రావణం సిమెంటులో 5 నుంచి 8 శాతం ముక్కు దగ్గర కలుపుతారు. ఆరు నిమిషాలకు 0.2, గంటకు 0.5 మెగాపాస్కల్స్ (కాంక్రీటు బలానికి కొలత) దాటాలి. సూది గుచ్చే పరికరంతో గానీ ఉష్ణోగ్రత చూపే కెమెరాతో గానీ సరిచూస్తారు. 1 మెగాపాస్కల్ రాకముందు ఆ కాంక్రీటు కిందికి మనిషి వెళ్లకూడదు. 2014 మార్చిలో క్రాస్‌రైల్ అనే కొత్త రైలు మార్గం పనుల్లో, హోబర్న్ దగ్గర ఫిషర్ స్ట్రీట్ కింద, కొత్తగా చిమ్మిన కాంక్రీటు పెళ్ల ఊడిపడి ఒక కార్మికుడు చనిపోయాడు. అందుకే మనిషి దాటకూడని ఆ హద్దును నేల మీద గీతగా గీసి, గొలుసు కట్టి కాపలా కాస్తారు. సమయం ఆదా అని ఎవరూ వాదించరు.

పై సగం ముందుకు ఎంత దూరం వెళ్లినా, అడుగు వంపు మూసి రింగు పూర్తయ్యే దూరం సొరంగం వ్యాసం కన్నా తక్కువ ఉండాలి. రోజుకు ఒకటి రెండు మీటర్లు నడిస్తే మంచి రోజు. పైన ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్లకు తెలిసేది ఏమీ ఉండదు. తెలియకపోవడమే కావాల్సింది.

మొదటి పొర మీద నీరు ఆపే పూత, దాని మీద లోపలి శాశ్వత పొర. ఇవి నెలల తర్వాత, తొందరలేని పనులు.

పైళ్లు

కొత్త సొరంగం దారిలో భవనాల పైళ్లు నేరుగా అడ్డొచ్చాయి. పైలు అంటే భవనం కాలు. దాన్ని కోసి సొరంగం తీయాలి, భవనంలో మనుషులు పని చేస్తూనే ఉంటారు.

పైలు భారాన్ని రెండు విధాల మోస్తుంది: ఒంటి రాపిడితో, అడుగు కొసతో. 600 మి.మీ. పైలు చుట్టుకొలత 1.9 మీటర్లు. గట్టి బంకమన్ను చదరపు మీటరుకు సుమారు 7 టన్నుల పట్టు ఇస్తుందనుకుంటే మీటరు పైలుకు 13 టన్నులు. కింద 6 మీటర్లు కోసేస్తే 80 టన్నుల పట్టు పోయినట్టు, కొస బలం అదనం. పై భాగంలో మిగిలిన పట్టు భవనాన్ని మోయగలదా అన్నది మొదటి ప్రశ్న. మోయలేకపోతే కోసిన కొసను సొరంగం గోడ మీద కూచోబెట్టాలి. ఆ చోట గోడను మందంగా కట్టి, పైలు కొస చుట్టూ కాంక్రీటు గుప్పిటలా పట్టిస్తారు.

చేసే వరుస: పైలుకు కాస్త ముందే ఎక్స్‌కవేటర్ ఆపడం, మిగిలిన మన్నును చేతి పనిముట్లతో తీయడం, పైలు చుట్టూ బయటపెట్టడం, పై భవనంలో కొలతలు చూస్తూ ఉండగా వజ్రపు తీగ రంపంతో కోత. జాక్ హామర్‌తో పగలగొడితే అదురు పైకి పాకుతుంది. పాత పైలు డ్రాయింగులో చెప్పిన చోట సరిగ్గా ఉండదు, లోతుకు పోయేకొద్దీ 1:75 వాలు కూడా ఒప్పుకోదగ్గదే కాబట్టి 30 మీటర్ల లోతున 400 మి.మీ. పక్కకు ఉండొచ్చు. ముందుగా ముఖంలోంచి సన్నటి పరీక్ష రంధ్రాలు వేసి వెతకడం అందుకే.

పాత ఇనుప గొట్టం పక్కన

అసలు కష్టమంతా ఇక్కడే. పాత సొరంగం గోడ పోత ఇనుపది, ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన రింగు. పోత ఇనుము నొక్కితే దిట్టంగా నిలుస్తుంది, సాగదీస్తే పెళుసుగా పగులుతుంది. పక్కన తవ్వితే ఆ వైపు మన్ను ఒత్తిడి తగ్గి గుండ్రటి రింగు కోడిగుడ్డులా సాగాలనుకుంటుంది. బోల్టులు బిగుతుగా ఉంటే రింగు వంగలేక అంచు దగ్గర బీట వేస్తుంది. చిట్కా: తవ్వకం దగ్గరకు వచ్చే ముందు ఎంపిక చేసిన అతుకుల దగ్గర బోల్టులు కొద్దిగా వదులు చేస్తారు. రింగు అతుకుల దగ్గర కొంచెం తిరిగి, వంగి, బీట పడకుండా సర్దుకుంటుంది. తవ్వకం దాటిపోయి కదలిక ఆగాక మళ్లీ బిగిస్తారు. వదులు చేయడం, బిగించడం రెండూ రాత్రి ఆ రెండు గంటల్లోనే. వదులు చేసిన ప్రతి బోల్టుకూ నంబరు, రంగు గుర్తు, సంతకం. ఒక్కటి మర్చిపోయినా పొద్దున మొదటి రైలుకు అదే పీడ.

కొత్త నడవలు పాత సొరంగంలోకి తెరుచుకునే చోట రింగుల్లో రంధ్రం చేయాలి. ముందు లోపలి నుంచి ఉక్కు చట్రం బిగించి, పైన అడ్డ దూలం, పక్కన స్తంభాలు నిలబెట్టి భారం వాటి మీదకు ఎక్కించాక ఇనుప ముక్కలు ఒక్కొక్కటి ఊడదీయాలి. ఇరుకు చోట్ల యంత్రం పట్టదు. అక్కడ వందేళ్ల నాటి పద్ధతే: చేత్తో తవ్వుతూ పలకలు, దుంగలతో చదరపు చట్రాలు నిలబెట్టుకుంటూ ముందుకు పోవడం. ఈ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి, దొరికినవాళ్లకు గిరాకీ.

రైళ్లు నడుస్తుండగా గొట్టాన్ని మార్చడం ఈ లైనుకు కొత్త కాదు. 1920లలో ఇదే లైను సన్నటి సొరంగాన్ని 3.56 మీటర్లకు పెంచుతున్నప్పుడు మొదట్లో రైళ్లు పనుల మధ్యలోంచే నడిపారు. 1923 నవంబరులో ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర రైలు వెళ్తుండగా పైకప్పు జారి, పైన గ్యాసు గొట్టం తెగి పేలింది. ఆ తర్వాత పని అయ్యేదాకా లైను మూసేశారు.

గ్రౌటు

కుంగిన భవనాన్ని కింద నుంచి ఎత్తడం సాధ్యమే. షాఫ్టుల నుంచి భవనాల కిందికి విసనకర్రలా గొట్టాలు వేస్తారు. ప్రతి గొట్టానికీ అరమీటరుకో రబ్బరు తొడుగు ఉన్న రంధ్రం. ఏ రంధ్రం దగ్గర కావాలంటే అక్కడ రెండు వైపులా బిరడాలు బిగించి బెంటొనైటు అనే జిగట మన్ను, సిమెంటు, నీళ్లు కలిపిన గ్రౌటు ఎక్కిస్తారు, ఒకసారికి పదుల లీటర్లు మాత్రమే.

10 మీటర్ల చదరాన్ని 10 మి.మీ. ఎత్తాలంటే కాగితం మీద 1 ఘనపు మీటరు చాలు. నిజంలో ఎక్కించినదాంట్లో పావు వంతు పైకి ఎత్తడానికి పనికొస్తే గొప్ప, అంటే నాలుగు ఘనపు మీటర్లు. మిగిలింది పక్కలకు పోతుంది. ఆ పక్కలకు పోయేదే ప్రమాదం: గ్రౌటు ఒత్తిడి పాత సొరంగం నెత్తిన పడితే దాన్ని కిందికి నొక్కుతుంది. భవనం పైకి, గొట్టం కిందికి. అందుకని తవ్వే ముఖానికి సరిగ్గా పైన, కొంత ముందు, కొంత వెనక ఒక నిషేధ హద్దు పెట్టుకుని ఆ లోపల గ్రౌటు ఎక్కించరు. తవ్వకానికి ముందే ఒక విడత ఎక్కించి నేలను ఒకటి రెండు మి.మీ. లేపి ఉంచుతారు, గొట్టాలు పని చేస్తున్నాయో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

1990లలో వెస్ట్‌మిన్‌స్టర్ స్టేషన్ కట్టేటప్పుడు బిగ్ బెన్ గడియార గోపురం ఒరిగిపోకుండా పట్టినది ఈ పద్ధతే. దాన్ని చూసి ప్రతిచోటా గ్రౌటు మీదే ఆధారపడటం సరికాదు. ముఖం దగ్గర పనితనం బాగుంటే గ్రౌటు గొట్టాలు చాలావరకు వాడకుండానే మిగలాలి.

2022 జనవరి 15

లైను మూత. మూర్‌గేట్ నుంచి కెన్నింగ్‌టన్ దాకా నార్తర్న్ లైను బ్యాంక్ శాఖ ఆగింది. గడువు 17 వారాలు. అప్పటికి కొత్త సొరంగం రెండు కొసలకూ పాత గొట్టం దగ్గరదాకా వచ్చి, మధ్యలో మన్ను గోడ మాత్రమే మిగిలి ఉంది.

ఇలాంటి కలయిక దగ్గర పాటించే వరుస ఇది. వదిలేసే పాత ముక్కలోంచి పట్టాలు, కేబుళ్లు తీసేసి తేలికపాటి నురుగు కాంక్రీటుతో నింపడం. దాంతో పాత గొట్టం బోలుగా ఉండదు, తర్వాత యంత్రంతో ఇనుప ముక్కలతో సహా తవ్వుకుంటూ పోవచ్చు. బోలుగా వదిలి తవ్వితే రింగు తెగిన చోట మిగతావి పడిపోతాయి. చివరి మన్ను గోడ తీశాక కలిసే చోట సొరంగం వెడల్పు ఎక్కువ, పొర మందం ఎక్కువ. తర్వాత పట్టాల కింద కాంక్రీటు, పట్టాలు, కరెంటు పట్టాలు, సిగ్నల్ కేబుళ్లు. చివరి వారాలు ఖాళీ రైళ్లతో పరీక్షలు: రైలు పక్కలకు, ప్లాట్‌ఫాం అంచుకు మధ్య ఖాళీ మి.మీ.లలో చూస్తారు.

అదే సమయంలో పాత ప్లాట్‌ఫాం పక్కన పట్టాల గుంటను ప్లాట్‌ఫాం ఎత్తుదాకా పూడ్చి నడక హాలు చేశారు. ఇక్కడ అందరూ తక్కువ అంచనా వేసేది మనుషుల రద్దీని. 17 వారాల్లో సివిల్ పని, పట్టాలు, కరెంటు, సిగ్నల్, టైల్స్, కెమెరాలు, స్పీకర్లు అన్నీ రెండు మూడు ద్వారాల నుంచే లోపలికి పోవాలి. ఏ గంటకు ఏ ముఠా ఏ మీటరులో ఉంటుందో గళ్ల కాగితం మీద గీసుకోకపోతే వెల్డింగు చేసేవాడూ కేబుల్ లాగేవాడూ ఒకే చోట తగాదా పడతారు.

మే 16న రైళ్లు తిరిగి మొదలు, కొత్త దక్షిణ దిశ ప్లాట్‌ఫాం తెరుచుకుంది. కానన్ స్ట్రీట్ మీద కొత్త ప్రవేశ ద్వారం 2023 ఫిబ్రవరి 27న.

తర్వాత

తవ్వకం ఆగినా బంకమన్ను ఆగదు. తవ్వినప్పుడు మన్నులో నీటి ఒత్తిడి చెదిరిపోతుంది. అది మళ్లీ సర్దుకోవడానికి, నీళ్లు పారని మన్ను కాబట్టి, ఏళ్లు పడుతుంది. ఆ సర్దుబాటులో నేల ఇంకొన్ని మి.మీ. దిగుతుంది, ఈసారి పల్లం వెడల్పుగా, నెమ్మదిగా. గంటకోసారి చదివిన ప్రిజంలు రోజుకోసారికి, వారానికోసారికి, నెలకోసారికి మారతాయి. ఏడాదికి 2 మి.మీ. కన్నా తక్కువ కదులుతున్నట్టు తేలిన గోడ నుంచి ప్రిజం విప్పి, స్క్రూ రంధ్రంలో సున్నం నింపి, భవన యజమానికి చివరి గ్రాఫు ఇచ్చి సంతకం తీసుకుంటారు.